సర్వరులో నీరటికాడు

సంక్రాంతి దగ్గరపడుతోందంటే హైదరాబాదులో చాలామంది మనసు సొంత ఊళ్ళ మీదికి పోతుంది. ప్రగతి నగర్ సంగతే చూడండి. అక్కడి అపార్టుమెంట్లలో కాకినాడ వాళ్ళుంటారు, భీమవరం వాళ్ళుంటారు, విజయనగరం వాళ్ళుంటారు. ఉద్యోగం హైటెక్ సిటీలో, పండుగ మాత్రం అమ్మమ్మగారి ఊళ్ళో. మామూలు రిజర్వేషను రెండు నెలల ముందే అయిపోతుంది. ఇక మిగిలేది తత్కాల్. రైలు బయలుదేరే తేదీకి ముందురోజు ఉదయం 10 గంటలకు ఏసీ తరగతులకు, 11 గంటలకు మిగిలిన తరగతులకు ఆ తలుపు తెరుచుకుంటుంది.

సరిగ్గా పదికి దేశమంతటా లక్షలాది వేళ్ళు ఒకేసారి మీట నొక్కుతాయి. తెరమీద చిన్న చక్రం తిరగడం మొదలవుతుంది. ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ అవతల ఏం జరుగుతోంది? మన అర్జీని ఎవరు చూస్తున్నారు? మన వెనక వచ్చినవాడి పని మనకంటే ముందు జరగవచ్చా? జరిగితే అది అన్యాయమా, అవసరమా? ఈ ప్రశ్నలకు జవాబు వెదుకుదాం.

కౌంటరు నుంచి సెల్‌ఫోను దాకా

మన దేశంలో రైల్వే రిజర్వేషనుకు కంప్యూటరు వచ్చింది 1985లో. సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ 'ఇంప్రెస్' అనే ప్రోగ్రాము తయారుచేసి ఢిల్లీలో ప్రవేశపెట్టింది. అంతకుముందు గుమాస్తాలు లావుపాటి రిజిస్టర్లలో చేత్తో పేర్లు రాసుకునేవారు. తర్వాత ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు అనే అయిదు కేంద్రాలు ఏర్పడ్డాయి. మొదట్లో ఏ కేంద్రం లెక్క దానిదే. వాటిని కలపడానికి రైల్వేవారి 'క్రిస్' సంస్థ 'కాన్సర్ట్' అనే వ్యవస్థను రూపొందించింది. 1990ల నడుమ అది మొట్టమొదట నడిచింది మన సికింద్రాబాదులోనే. 1999 నాటికి అయిదు కేంద్రాలూ ఒకే వలలో చేరాయి. 2002లో ఐఆర్‌సీటీసీ ద్వారా ఇంటి నుంచే టిక్కెట్టు కొనే సదుపాయం వచ్చింది.

ఇప్పుడు ఈ అంకెలు చూడండి. 2014కు ముందు ఆ ఇంటర్నెట్టు వ్యవస్థ నిమిషానికి 2,000 టిక్కెట్లు ఇవ్వగలిగేది. ఆ సంవత్సరం వచ్చిన కొత్త వ్యవస్థ సామర్థ్యం 7,200. 2025 మే 22న ఉదయం 10 గంటలకు ఒక్క నిమిషంలో 31,814 టిక్కెట్లు బుక్కయ్యాయి. అంటే సెకనుకు సుమారు 530! పాత సామర్థ్యానికి పదిహేను రెట్లకు పైమాటే. అయినా పదిగంటల చక్రం తిరగడం మానలేదు. యంత్రం వేగం పెరిగేకొద్దీ వచ్చే జనమూ పెరిగారు. కాబట్టి వేగం ఒక్కటే మందు కాదన్నమాట.

వరుస ఎందుకు పెరుగుతుంది?

ముందుగా 'సర్వరు' అంటే ఏమిటో చెప్పుకుందాం. అడిగినవాళ్ళకు అడిగిన పని చేసిపెట్టే కంప్యూటరే సర్వరు. ఒక అర్జీకి దానికి ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు కాలం పడుతుందనుకుందాం. అలాగయితే సెకనుకు 1,000 అర్జీలు చూడగలదు. 900 మాత్రమే వస్తే తీరికగా ఉంటుందని మీరు అనుకోవచ్చు. కాని అర్జీలు కొలిచినట్టు ఒకదాని వెనక ఒకటి రావు. ఒక్కోసారి గుంపుగా వస్తాయి, ఒక్కోసారి అసలే రావు. ఇలాంటి రాకపోకల గణితానికి పునాది వేసినవాడు కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్. ఆయన మొదటి వ్యాసం 1909లో వెలువడింది.

ఆ గణితం ప్రకారం, అర్జీలు ఏ క్రమమూ లేకుండా వచ్చేటప్పుడు, ఒక్కొక్క అర్జీకి పట్టే సమయం కూడా పెద్దా చిన్నాగా ఉన్నప్పుడు, సర్వరు సగం పనిలో ఉంటే అర్జీ బయటపడడానికి సగటున 2 మిల్లీసెకన్లు పడుతుంది. నూటికి 80 వంతుల పని ఉంటే 5 పడుతుంది. 90 వంతులైతే 10, 99 వంతులైతే 100! పని పెరిగింది కొంచెమే, నిరీక్షణ పెరిగింది కొండంత. నూరు దాటితే ఇక చెప్పక్కరలేదు. వరుస పెరుగుతూనే పోతుంది.

చెరువు, నీరటికాడు

ప్రగతి నగర్‌లో అంబీర్ చెరువు ఉంది. తెలంగాణలో ఇలాంటి చెరువులు వేలకొద్దీ తవ్వించారు పూర్వులు. చెరువుకు కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. వీటన్నిటితో పాటు పల్లెల్లో ఇంకొకడుండేవాడు. అతడే నీరటికాడు. ఏ పొలానికి ఎంతసేపు నీరు వదలాలో, ఎప్పుడు మడవ కట్టెయ్యాలో చూసే మనిషి. అతడు లేకపోతే తూము పక్క పొలం చెరువై, చివరి మడి బీడవుతుంది. చెరువులో నీళ్ళు చాలినన్ని ఉన్నా అంతే!

కంప్యూటరులో ఈ నీరటికాడి పనిచేసే ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టమ్. మన ఫోనులోని ఆండ్రాయిడు, ఇంట్లోని విండోస్, సర్వర్లలో ఎక్కువగా కనిపించే లినక్స్, ఇవన్నీ ఆ జాతివే. ప్రాసెసరు సమయం, జ్ఞాపకస్థలం, డిస్కు, నెట్‌వర్కు, ఇవన్నీ దాని చేతిలోని నీళ్ళు. మిగిలిన ప్రోగ్రాములన్నీ దాన్ని అడిగి తీసుకోవలసిందే.

నీరటికాడు ఎంత మేలు చేయగలడో ఒక చిన్న లెక్కతో చూద్దాం. పది పనులు ఒకేసారి వచ్చాయి. మొదటిది 60 సెకన్ల పని. మిగిలిన తొమ్మిదీ ఒక్కొక్క సెకను పనులు. వచ్చిన వరుసలోనే చేస్తే మొదటిది 60వ సెకనులో, మిగిలినవి 61 నుంచి 69 వరకు పూర్తవుతాయి. సగటు 64.5 సెకన్లు. అలా కాకుండా ఒక్కొక్కరికి ఒక్కొక్క సెకను చొప్పున వంతులవారీగా ఇస్తే? చిన్న పనులు తొమ్మిదీ 2 నుంచి 10 సెకన్లలో పూర్తవుతాయి. పెద్ద పని 69వ సెకనుకు ముగుస్తుంది. సగటు 12.3 సెకన్లే! యంత్రం వేగం రవ్వంత కూడా పెరగలేదు. పెద్ద పనికి నష్టం 9 సెకన్లు. మిగిలిన తొమ్మిది మందికీ ప్రాణం లేచివచ్చింది.

ఇలా కాలాన్ని ముక్కలుచేసి పంచే పద్ధతిని అమెరికాలోని ఎం.ఐ.టి.లో కొర్బాటో అనే శాస్త్రజ్ఞుడి బృందం 1961లోనే చేసి చూపించింది. నేటి కంప్యూటర్లలో ఒక్కొక్క ముక్క కొద్ది మిల్లీసెకన్లే. అందుకే పనులన్నీ ఒకేసారి జరుగుతున్నట్టు మనకు భ్రమ కలుగుతుంది.

అందరికీ సమానంగా పంచితే చాలా?

చాలదు. డబ్బు కట్టి టిక్కెట్టు ఖాయం కావడం కోసం ఎదురుచూస్తున్నవాడి పనీ, ఊరికే రైళ్ళ వేళలు చూసేవాడి పనీ ఒకటి కాదు. మొదటిది ఆలస్యమైతే డబ్బూ బెర్తూ రెండూ త్రిశంకు స్వర్గంలో ఉంటాయి. రెండోది అరనిమిషం ఆగినా కొంప మునగదు. ఏ పనికి ఎంత ఆలస్యం తగునో నిర్ణయించి, రద్దీలోనూ ఆ మాట నిలబెట్టుకోవడాన్నే 'సేవా నాణ్యత' అంటారు.

ఇందుకు మొదటి సాధనం ప్రాధాన్యం. లినక్సులో ప్రతి పనికీ −20 నుంచి 19 వరకు ఒక అంకె ఇవ్వవచ్చు. అంకె పెరిగేకొద్దీ ఆ పని ఇతరులకు దారి ఇస్తుంది. ఒక్కొక్క మెట్టుకు వాటా సుమారు 1.25 రెట్లు మారుతుంది. అయిదు మెట్ల తేడా ఉంటే ఒకరికి మూడు పాళ్ళు, రెండోవారికి ఒక పాలు. ఎవరికీ సున్నా రాకపోవడం గమనించండి. ప్రాధాన్యం పేరుతో కొందరిని పూర్తిగా ఆపేస్తే చివరి మడి ఎండిపోయినట్టే.

ప్రాధాన్యంలో ఇంకో చిక్కుంది. మీ బడిలో ప్రయోగశాల తాళం ఆరో తరగతి పిల్లవాడి దగ్గర ఉందనుకోండి. ప్రధానోపాధ్యాయుడు తలుపు దగ్గర నిలబడ్డారు. కాని పదో తరగతివాళ్ళు ఆ పిల్లవాణ్ణి దారి వదలకుండా ముందు తాము నడుస్తున్నారు. అప్పుడు అందరికంటే పెద్దాయన అందరికంటే ఆఖరున లోపలికి పోవలసివస్తుంది! ఇది నిజంగా అంగారక గ్రహం మీద జరిగింది. 1997 జూలై 4న అక్కడ దిగిన పాత్‌ఫైండర్ నౌకలో వాతావరణ సమాచారం సేకరించే చిన్న పని ఒక 'తాళం' పట్టుకుని ఉండగా, మధ్యరకం పనులు దాన్ని పక్కకు నెట్టాయి. ఆ తాళం కోసం అతి ముఖ్యమైన పని ఆగిపోయింది. కాపలా గడియారం ఇది చూసి కంప్యూటరును మళ్ళీ మళ్ళీ మొదటినుంచి నడిపించింది. భూమి మీది ఇంజనీర్లు కారణం కనిపెట్టి, తాళం పట్టుకున్న చిన్న పనికి తాత్కాలికంగా పెద్దపని ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటును ఇక్కడినుంచే అమలులో పెట్టారు. ఈ ఉపాయాన్ని 1990లో లూయీ షా, రాజ్‌కుమార్, లెహోట్స్కీ అనే ముగ్గురు సిద్ధాంతరీత్యా వివరించి ఉన్నారు.

తలుపు తట్టేవాళ్ళతోనే సరి

నెట్‌వర్కు నుంచి ఒక సమాచారపు పొట్లం రాగానే యంత్రం ప్రాసెసరును తట్టి లేపుతుంది. ప్రాసెసరు చేతిలోని పని ఆపి దాన్ని అందుకుంటుంది. పొట్లాలు తక్కువగా ఉన్నప్పుడు ఇది మంచి మర్యాదే. కాని సెకనుకు లక్షలు వచ్చిపడితే? ఒక గుమాస్తా తలుపు తట్టిన ప్రతివాడికీ లేచి తలుపు తీస్తూ, ఒక్క అర్జీ మీదా సంతకం పెట్టలేకపోయినట్టు ఉంటుంది. యంత్రం ఊపిరాడకుండా పనిచేస్తుంది, ఫలితం సున్నా!

జెఫ్రీ మొగుల్, కె.కె. రామకృష్ణన్ అనే ఇద్దరు 1996లో ఈ జబ్బును విశ్లేషించి మందు చెప్పారు. రద్దీ పెరగగానే తలుపు తట్టడం ఆపించాలి. ప్రాసెసరే తీరిక చూసుకుని వెళ్ళి, లెక్కపెట్టి కొన్ని పొట్లాలు తెచ్చుకోవాలి. పారెయ్యక తప్పనివాటిని, వాటిమీద శ్రమపడకముందే గుమ్మంలోనే పారెయ్యాలి. తర్వాత లినక్సులోనూ ఇదే సూత్రం ప్రవేశించింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి బోధపడుతుంది. టిక్కెట్ల ప్రోగ్రాము రాసేవారు ఎంత తెలివైన వరుస పెట్టుకున్నా, ఆ ప్రోగ్రాము దాకా పని రాకముందే కింద ఆపరేటింగ్ సిస్టమ్‌లో కాలమంతా ఖర్చయిపోవచ్చు. పొలంలో కాలువలు ఎంత చక్కగా తీసుకున్నా, తూము దగ్గర మనిషి లేకపోతే ప్రయోజనమేమిటి?

ఎవరి పద్దులో రాయాలి?

నీరటికాడు న్యాయంగా పంచాలంటే ఎవరు ఎంత వాడుకున్నారో తెలియాలి. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లు ప్రోగ్రాముల వారీగా లెక్క రాసేవి. అదే పొరపాటు. ఒక హోటలులో వంటవాడు ఒక్కడే అయినా వంద మందికి వండుతాడు. యజమాని పుస్తకంలో 'వంటవాడు ఎనిమిది గంటలు పనిచేశాడు' అని ఉంటే, ఏ బల్ల దగ్గరివాళ్ళ కోసం ఎంతసేపు చేశాడో ఎలా తెలుస్తుంది? సర్వరు ప్రోగ్రాము ఆ వంటవాడి వంటిది.

1999లో బంగా, డ్రూషెల్, మొగుల్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు లెక్కను ప్రోగ్రాము పేర కాక, పని ఎవరి కోసమో వారి పేర రాయాలని ప్రతిపాదించారు. పొట్లం గుమ్మంలో అడుగుపెట్టిన క్షణం నుంచి జవాబు బయటకు వెళ్ళేదాకా అయిన ఖర్చంతా ఒకే పద్దులో పడాలన్నారు. ఆ తోవలోనిదే లినక్సులోని 'కంట్రోల్ గ్రూపుల' ఏర్పాటు. 2006లో గూగుల్ ఇంజనీర్లు మొదలుపెట్టిన ఈ పని 2008 జనవరిలో వెలువడిన లినక్సులో చేరింది.

దీనిలో పనులను బృందాలుగా విడదీస్తారు. ఒక్కొక్క బృందానికి ఒక్కొక్క పంటకాలువ అనుకోండి. రెండు రకాల కట్టడి ఉంటుంది. మొదటిది వాటా. ఒక బృందానికి 300, ఇంకొకదానికి 100 అని రాస్తే, కరవులో మూడు పాళ్ళు ఒకరికి, ఒక పాలు మరొకరికి. మొదటివారు వాడుకోకపోతే ఆ నీరు రెండోవారికి పోతుంది. వృథా లేదు. రెండోది హద్దు. 'ప్రతి 100 మిల్లీసెకన్లలో 50కి మించి ఇవ్వవద్దు' అని రాస్తే, చెరువు నిండుగా ఉన్నా అంతకు మించి రాదు. తూము రంధ్రాన్ని చిన్నది చేసినట్టన్నమాట.

ఇది మన ఊరికి దూరపు సంగతి కాదు. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదులో తన క్లౌడు కేంద్రాలను ప్రారంభించింది. అలాంటి చోట ఒకే యంత్రం మీద అనేక కంపెనీల పనులు పక్కపక్కనే జరుగుతాయి. అపార్టుమెంటులో అందరికీ పైన ఒకే ట్యాంకు ఉన్నట్టు. ఒక ఇంట్లో కొళాయిలన్నీ విప్పి వదిలేస్తే పక్కింటి కుండ నిండదు కదా! అందుకు వాడే సాధనాలు రకరకాలు, సూత్రం మాత్రం ఇదే. ఎవరి వాడకం వారి పద్దులో, ఎవరి హద్దు వారిది.

అలుగు లేని చెరువు

ఎంత బాగా పంచినా, వచ్చే వరద పట్టే నీటిని మించిపోతే? మన పెద్దలు చెరువుకు అలుగు పెట్టింది అందుకే. మట్టానికి మించిన నీరు అలుగు మీదుగా పొర్లిపోతుంది. తెలంగాణ పల్లెల్లో దీన్నే మత్తడి అంటారు. అది లేకపోతే కట్టే తెగుతుంది. అప్పుడు ఎవరికీ నీరుండదు.

సర్వరుకూ అలుగు కావాలి. సెకనుకు వెయ్యి అర్జీలు చూడగల సర్వరుకు అయిదువేలు వస్తే, అందరినీ లోపలికి రానిస్తే ఏమవుతుంది? వరుస కొండవీటి చాంతాడవుతుంది. ఒక్కొక్క అర్జీ వంతు వచ్చేసరికి అర్జీదారు విసిగి మళ్ళీ మీట నొక్కి ఉంటాడు. సర్వరు మాత్రం అతడు వదిలేసిపోయిన పాత అర్జీనే శ్రద్ధగా పూర్తిచేస్తూ ఉంటుంది! మళ్ళీ నొక్కినవన్నీ కొత్త అర్జీలై వరుస ఇంకా పెరుగుతుంది. దానికంటే వెయ్యిమందిని లోపలికి పంపి, మిగిలినవారికి గుమ్మంలోనే 'ఇప్పుడు ఖాళీ లేదు, కాసేపాగి రండి' అని వెంటనే చెప్పడం నయం. కాదనడం కూడా సేవే. అయితే అది త్వరగా చెప్పాలి, తక్కువ ఖర్చుతో చెప్పాలి, లోపలికి రానిచ్చినవాణ్ణి నడిమధ్యలో వదిలెయ్యకూడదు.

వంతు ఎవరిదో చెప్పేది ఎవరు?

ఏ మడికి ఎంత నీరు అన్నది నీరటికాడు సొంతంగా నిర్ణయించడు. అది ఊరి కట్టుబాటు. అతడు అమలు జరుపుతాడు. ఆపరేటింగ్ సిస్టమూ అంతే. ఒక పొట్లం వెనక పండక్కి ఇంటికి పోదామనుకునే విద్యార్థి ఉన్నాడో, వందల టిక్కెట్లు కాజేయడానికి ఎవరో నడిపిస్తున్న దొంగ ప్రోగ్రాము ఉందో దానికి తెలియదు. తత్కాల్ తెరిచిన మొదటి అయిదు నిమిషాల్లో లోపలికి రావడానికి జరిగే ప్రయత్నాల్లో సగం దాకా ఇలాంటి యాంత్రిక ప్రోగ్రాములవేనని 2025 జూన్‌లో రైల్వేశాఖ ప్రకటించింది. అంటే న్యాయంగా 'వచ్చిన వరుసలో' ఇచ్చినా లాభం మనిషికంటే వేగంగా నొక్కే యంత్రానికే పోతుంది.

అందుకే మనుషులు నియమం మార్చారు. ఆధార్‌తో గుర్తింపు పొందినవారే ఇంటర్నెట్టులో తత్కాల్ కొనాలన్న నిబంధన 2025 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. మొదటి అరగంట ఏజెంట్లకు ప్రవేశం లేదన్నారు. ఇవి కంప్యూటరు కనిపెట్టినవి కావు. ఎవరికి ముందు అందాలో ఆలోచించి మనుషులు చెప్పిన మాటలు. వాటిని లక్షల అర్జీల రద్దీలో మిల్లీసెకన్ల లెక్కన నిలబెట్టడం యంత్రం పని.

ఒక్క సంగతి మరచిపోకూడదు. రైలులో వంద బెర్తులుండి వెయ్యిమంది అడిగితే, ఏ సర్వరూ వెయ్యి బెర్తులు సృష్టించలేదు. సేవా నాణ్యత చేయగలిగిందల్లా వంతును న్యాయంగా నడపడం, లేదనే మాటనైనా వెంటనే చెప్పడం. బెర్తులు పెరగాలంటే రైళ్ళు పెరగాలి.

మీరే చేసి చూడండి

తరగతిలో ఒకరిని 'సర్వరు'గా కూర్చోబెట్టండి. ఒక విద్యార్థి చేతిలో 60 చిన్న కూడికలున్న కాగితం, తొమ్మిది మంది చేతుల్లో ఒక్కొక్క కూడిక ఉన్న చీటీలు పెట్టండి. మొదట వచ్చిన వరుసలోనూ, తర్వాత వంతుకు ఒక్కొక్క కూడిక చొప్పునా చేయించండి. ఎవరి పని ఎప్పుడు ముగిసిందో గడియారం చూసి రాసి, సగటు కట్టండి. మూడోసారి 'చిన్న చీటీలకే ఎప్పుడూ ముందు వంతు' అనే నియమం పెట్టి, మధ్యమధ్యలో కొత్త చీటీలవాళ్ళను పంపిస్తూ ఉండండి. 60 కూడికల కాగితంవాడి ముఖం చూడండి! అతడికీ న్యాయం జరిగేటట్టు ఒక నియమం తయారుచేసి, దాన్ని నాలుగోసారి పరీక్షించండి.

తర్వాత మీ బడిలో మంచినీళ్ళ కొళాయి దగ్గర, మీ వీధిలో రేషను దుకాణం దగ్గర వరుసలను గమనించండి. అక్కడ ఏ నియమం నడుస్తోంది? దాన్ని ఎవరు పెట్టారు? అందులో చివరి మడి ఎవరిది?